నాన్న యుద్ధం ఉత్తరాలు బాగుచేయించాం: విజయవాడలో ఒక బైండింగ్ షాపు గురించి

ముందే చెప్తున్నాను, ఇది కొంచెం పెద్ద రివ్యూ, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. ఇంట్లో పాత ఉత్తరాలు ఉన్నవాళ్ళకి, అందులోనూ మిలటరీలో చేసిన వాళ్ళ ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో పడున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయట్లేదు, ఆయనే వద్దన్నారు, "ఒక్కడినే చేసుకుంటానమ్మా, పదిమంది ఒకేసారి వస్తే ఎవరి పనీ సరిగ్గా అవ్వదు" అని. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాలు అమ్మేవాళ్ళని, ఉత్తరాలు బాగుచేసే బైండింగ్ ఆయన ఎక్కడండీ అని అడిగితే చెప్తారు, నాకూ అలాగే తెలిసింది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. మిలటరీ మాధవరం పేరు వినే ఉంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికొకళ్ళు పట్టాళంలోకి వెళ్ళిన ఊరు, అది మాకు పక్కనే. వాళ్ళని చూసే నాన్న కూడా చేరారు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీర్ల దళం, బెంగుళూరు హలసూరు చెరువు పక్కన ట్రైనింగ్. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో తూర్పు వైపు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు ఉన్నారు. వంతెనలు వెయ్యడం, మందుపాతరలు తియ్యడం, రోడ్లు బాగుచెయ్యడం ఇదీ వాళ్ళ పని. నేను అప్పటికి అమ్మ కడుపులో ఉన్నాను, 72 ఫిబ్రవరిలో పుట్టాను.

నాన్న 2019లో పోయారు. ఆయన నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు ఇంకా అలాగే ఉన్నాయి, దాంట్లో అడుగున ఒక గుడ్డ సంచిలో ఉత్తరాలు. లెక్కపెడితే నాన్న రాసినవి 41, ఇంటి నుంచి ఆయనకి వెళ్ళినవి 22, మనియార్డరు కూపన్లు 9. మొత్తం 72 కాగితాలు. ఈ 22 ఉన్నాయి చూడండి, అవి మిగలడమే గొప్ప. ఎందుకంటే ఇంట్లో వాళ్ళకి వచ్చిన ఉత్తరాలు చూరులోనో తీగకి గుచ్చో ఉంటాయి, కానీ సరిహద్దులో ఉన్నవాడు ఎక్కడని దాచుకుంటాడు, గుడారాలు ఎత్తేస్తారు, వానలో తడుస్తారు, నదులు దాటతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్ళిన మన దేశం సిపాయిల ఉత్తరాలైతే సెన్సారు వాళ్ళు చదివి ఇంగ్లీషులోకి మార్చి రాసుకున్న ముక్కలే లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, అసలు కాగితాలు చాలావరకు లేవు. మా నాన్న మాత్రం అమ్మ ఉత్తరాలు 22 మోసుకొచ్చారు, ఎలా తెచ్చారో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొదట నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. మా ఊరికి దగ్గర టౌన్‌లో ఒక జిరాక్స్ షాపులో రెండు ఉత్తరాలు లామినేషన్ చేయించాను. బాగా గట్టిగా ఉంటాయి కదా అనుకున్నాను. వేడికి ఒకదాని మీద సిరా పాకిపోయి నాలుగు లైన్లు నీలం మచ్చలాగా అయ్యాయి, రెండోది మధ్యలో గాలి బుడగ వచ్చి మడత దగ్గర కాగితం ప్లాస్టిక్‌కి అంటుకుపోయింది. ఆ షాపు అబ్బాయి తప్పేం లేదు, ఆధార్ కార్డులు చేసినట్టే చేశాడు. విజయవాడ ఆయనకి చూపిస్తే చాలాసేపు వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసి "దీన్ని ఇంక విడదియ్యలేనమ్మా, కాగితం ప్లాస్టిక్‌తోపాటు వచ్చేస్తుంది, స్కాన్ చేసి ఉంచుకుందాం" అన్నారు. మిగతా 70 అక్కడికి పట్టుకెళ్ళనందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

షాపు అంటే గవర్నర్‌పేటలో ఒక సందులో మేడ మీద ఒక గది, అంతే. కోర్టు ఫైళ్ళు, కాలేజీ రికార్డులు బైండింగ్ చెయ్యడం ఆయన రోజువారీ పని, ఈ ఉత్తరాల పని సాయంత్రాలు చేస్తారు. వయసు అరవై దాటి ఉంటుంది. మేం వెళ్ళగానే ఆయన చేసిన మొదటి పని చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని వచ్చి కూర్చోవడం. తర్వాత ఒక్కోటీ తీసి విప్పకుండానే చూశారు. ఏది బాల్ పెన్ను, ఏది సిరా పెన్ను విడదీశారు. నాన్నవన్నీ దాదాపు బాల్ పెన్ను, అమ్మవి సిరా. సిరా నీళ్ళు తగిలితే కరుగుతుంది కాబట్టి వాటి పని వేరేగా చెయ్యాలట. మడతల దగ్గర చిరిగిన వాటికి సన్నటి జపాన్ టిష్యూ, ఉల్లిపొర లాంటిది, గోధుమ గంజితో వెనక నుంచి అతికిస్తారు. గంజి ఎందుకంటే రేపెప్పుడైనా తియ్యాలంటే తడి చేసి తియ్యొచ్చు. నాన్న ఎప్పుడో అంటించిన సెల్లోటేపులు ఉన్నాయి, పచ్చగా మరకలు కట్టి, అవి తియ్యడానికే ఆయనకి వారం పట్టిందట. టేపు వచ్చేసింది, మరక మాత్రం పూర్తిగా పోలేదు, పోదని ముందే చెప్పారు.

స్టాంపులు తియ్యనా ఉంచనా అని అడిగారు, స్టాంపులు పోగేసేవాళ్ళు అడుగుతారు, ఇవ్వకండి, కవరు మీదున్న ముద్రతో కలిపే దాని విలువ అన్నారు. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. అమ్మ పంపిన ఇన్లాండ్ లెటర్లలో, అదే, కాగితాన్నే మడిచి అంచులు గమ్‌తో అంటించి పంపేవి, 71 నవంబరు 15 తర్వాత వాటి మీద అదనంగా ఒక చిన్న 5 పైసల స్టాంపు ఉంది, కుటుంబ నియంత్రణ బొమ్మ, అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు, దాని మీద అడ్డంగా రెఫ్యూజీ రిలీఫ్ అని ముద్ర. తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చేశారు కదా, వాళ్ళ ఖర్చు కోసం ప్రభుత్వం ఉత్తరాల మీద వేసిన పన్ను అది. పోస్టుకార్డుకి ఆ పన్ను లేదు. అంటే మా అమ్మ గోదావరి జిల్లాలో పల్లెటూళ్ళో కూర్చుని మొగుడికి ఉత్తరం రాస్తూ ఆ శరణార్థుల కోసం 5 పైసలు కట్టింది, అటు మొగుడేమో ఆ జనం నడిచొచ్చిన రోడ్లే బాగుచేస్తున్నాడు. అమ్మకి చెప్తే "అవును, పోస్టాఫీసులో ఇంకో అయిదు పైసలు ఇమ్మనేవాడు, ఎందుకో ఎవరడిగారు" అంది.

అడ్రసులు చూస్తుంటే అదొక లోకం. పిన్ కోడ్ లేదు, అది 72 ఆగస్టు 15న కదా వచ్చింది. మా ఊరి పేరు, వయా, తాలూకా, పశ్చిమ గోదావరి జిల్లా, అంతే, వచ్చేసేవి. నాన్న అడ్రసు అయితే నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 99 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఊరు లేదు, రాష్ట్రం లేదు. ఉత్తరం ముందు కలకత్తాలో మిలటరీ పోస్టాఫీసుకి వెళ్తే, ఏ యూనిట్టు ఎక్కడుందో వాళ్ళకే తెలుసు, అక్కడి నుంచి పంపిస్తారు. పడమర వైపు ఉన్నవాళ్ళకి 56 ఏపీఓ, అది ఢిల్లీ. నాన్న పంపిన వాటి మీద ముద్రలో కూడా ఎఫ్‌పీఓ (ఫీల్డ్ పోస్టాఫీసు) అని ఒక నంబరు ఉంటుంది తప్ప ఊరి పేరు ఉండదు. నాయనమ్మ వచ్చేపోయే వాళ్ళతో మావాడు తొంభై తొమ్మిదిలో ఉన్నాడు అని చెప్పేదట, అదేదో ఊరన్నట్టు.

ఉత్తరాల్లో కూడా ఊరి పేర్లు రాయకూడదని ఆర్డరు. నాన్న ఎలా రాశారంటే "ఇక్కడ కూడా మన వైపు లాగానే ఉన్నది, ఎటు చూసినా నీళ్ళు, వరిచేలు, కొబ్బరిచెట్లు, పడవలు, కొల్లేరు జ్ఞాపకం వస్తున్నది" అని. అది చదివి మా చిన్నతాత "అయితే బెంగాల్ వైపే" అని తేల్చేశాడట. ఇంకో దాంట్లో "ఇక్కడ అందరినీ తంబి అంటారు, నన్ను కూడా, నేను కూడా అందరినీ అదే అంటున్నాను" అని ఉంది. తంబి అంటే తమిళంలో తమ్ముడు, సాపర్స్‌లో అందరూ తంబీలే. నాన్న పోయాక ఆయన పాత దోస్తు ఒకాయన తమిళనాడు నుంచి ఫోన్ చేసి తంబి ఇల్లేనా అని అడిగినప్పుడు నాకు అర్థం కాలేదు, ఈ ఉత్తరం చదివాక అర్థమైంది.

సరే, అసలు పనికి వస్తాను. అన్నీ బాగుచేశాక ఎలా పెట్టాలి అన్నప్పుడు ఆయన ఒక ప్రశ్న అడిగారు, నేను ఈ రివ్యూ రాస్తున్నది సగం ఆ ప్రశ్న వల్లే. "రాసిన తేదీ వరసన పెట్టమంటారా, అందిన తేదీ వరసనా?" అన్నారు. నాకు అసలు తేడా ఏంటో తట్టలేదు. రాసిన తేదీనే కదండీ అన్నాను. పక్కన కూర్చున్న అమ్మ వెంటనే "కాదు, నాకు అందిన వరసన పెట్టండి" అంది. అంత గట్టిగా మా అమ్మ మాట్లాడటం నేను ఈ మధ్యకాలంలో చూడలేదు.

ఎందుకన్నదో ఇంటికొచ్చాక తేదీలు చూస్తే తెలిసింది. అందిన తేదీ ఎలా తెలుస్తుందంటే ఉత్తరం వెనక మా ఊరి పోస్టాఫీసు ముద్ర పడేది. నాన్న అయితే అమ్మ ఉత్తరాల మూల మీద పెన్సిల్‌తో "అందినది" అని తేదీ వేసుకున్నారు, ప్రతి దాని మీదా. నాన్న డిసెంబరు 2న ఒక ఉత్తరం రాశారు. ఇక్కడ ప్రశాంతంగా ఉన్నది, పని తక్కువ, సాయంత్రాలు వాలీబాల్ ఆడుచున్నాము, మీరేమీ దిగులు పడవద్దు అని. మర్నాడు 3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ వాళ్ళు పడమటి వైపు మన విమానాశ్రయాల మీద బాంబులు వేశారు, ఆ రాత్రే యుద్ధం అని రేడియోలో చెప్పారు. ఆ వాలీబాల్ ఉత్తరం మా ఇంటికి వచ్చింది 15వ తేదీన. యుద్ధం మొదలై పన్నెండు రోజులు అయ్యాక. పోస్టుమాన్ కేక వెయ్యగానే నాయనమ్మ ఏడుస్తూ ఎదురెళ్ళిందట, అమ్మ తేదీ చూసి, ఇది యుద్ధానికి ముందుదని తెలిసి కూడా, అత్తగారికి అలాగే చదివి వినిపించిందట, వాలీబాల్ ఆడుతున్నారంట అత్తయ్యగారూ అని. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని రేడియోలో వచ్చింది, ఊళ్ళో టపాకాయలు కాల్చారు, రామాలయం దగ్గర బెల్లం పంచారు. మా ఇంట్లో ఎవరూ బయటికి రాలేదు. నాన్న తర్వాతి ఉత్తరం డిసెంబరు 20న రాసింది, జనవరి 4న అందింది. "నేను క్షేమం" అని మొదటి లైను.

రాసిన తేదీలు చూస్తే 2వ తేదీకీ 20వ తేదీకీ మధ్య 18 రోజులే. అమ్మకి మాత్రం డిసెంబరు 3 నుంచి జనవరి 4 దాకా. ఆ నెల రోజుల్లో టెలిగ్రాము వస్తుందేమోనని సైకిల్ బెల్లు వినిపిస్తే వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని అని చెప్పింది. ఇన్నేళ్ళలో ఈ మాట మాతో అనలేదు. బైండింగ్ ఆయన చివరికి ఏం చేశారంటే అమ్మ చెప్పిన వరసనే పెట్టి, పెట్టె మూత లోపల ఒక అట్ట మీద రెండు వరసల్లో పట్టీ రాసి అంటించారు, ఎడమ పక్క రాసిన తేదీ, కుడి పక్క అందిన తేదీ. చేత్తోనే రాశారు, గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు.

ఇప్పుడు ఆ వాలీబాల్ ఉత్తరం గురించి ఇంకో సంగతి చెప్పాలి. మా ఇంట్లో అది ఒక సామెత లాంటిది. నాన్న ఏదైనా పట్టించుకోలేదు అనిపిస్తే అమ్మ "తల్లికి జ్వరం అని రాస్తే వాలీబాల్ ఆడుతున్నామని రాసిన మనిషి" అనేది. మా చిన్నప్పటి నుంచి విన్నాం. నాన్న ఏం మాట్లాడేవారు కాదు, గుర్తులేదు అనేవారు. అమ్మ నవ్వుతూనే అనేది, కానీ ఊరికే నవ్వడం కాదు, ఎక్కడో ఉండిపోయింది అది.

ఇంటి నుంచి వెళ్ళిన ఉత్తరాలు ఎలా ఉండేవంటే, నాయనమ్మకి చదువు రాదు, అమ్మ అయిదో తరగతి. నాయనమ్మ చెప్తుంటే అమ్మ రాసేది. "చిరంజీవి అబ్బాయికి మీ అమ్మ ఆశీర్వదించి వ్రాయించునది ఏమనగా, ఇక్కడ అంతా క్షేమము, నీ క్షేమము తెలియజేయవలెను" అని మొదలు. అమ్మకి తన మాట రాసుకునే చోటు లేదు, రాసిందంతా నాయనమ్మ మళ్ళీ చదివించుకునేది. నాన్న కూడా తల్లికే రాసేవారు, ఆ రోజుల్లో పెళ్ళాం పేరున వేరే ఉత్తరం అంటే నలుగురిలో సిగ్గు. కానీ ఆయనకీ తెలుసు చదివేది ఎవరో. ఒక దాంట్లో "అమ్మా, నీకు ఈ ఉత్తరం చదివి వినిపించువారు కూడా వేళకు తినవలెనని, బరువులు ఎత్తరాదని నా మాటగా చెప్పుము" అని ఉంది. మా అమ్మ అది పైకి చదివింది అత్తగారి ముందు. నాకు ఆ వాక్యం చదువుతుంటే మా నాన్న కొత్తగా కనిపించారు, మాకు తెలిసిన నాన్న ఒక్క ముద్దు మాట మాట్లాడని మనిషి.

అందుకని అమ్మ ఏం చేసేదంటే ఇన్లాండ్ లెటరు మడత పెట్టేటప్పుడు, గమ్ ఉండే అంచు లోపలి వైపున, చిన్న చిన్న అక్షరాలతో ఒక లైను రాసేది. అత్తగారికి అది కనిపించదు. 71 నవంబరు 22 ఉత్తరంలో నాయనమ్మ చెప్పింది నేను ఆరోగ్యంగా ఉన్నాను అని. అప్పటికి ఆవిడకి పది రోజులుగా జ్వరం, కొడుకు బెంగపెట్టుకుంటాడని చెప్పొద్దంది. అమ్మ అంచు మీద అసలు సంగతి రాసింది. నాన్న డిసెంబరు 1న అందినది అని వేసుకున్నారు, 2న జవాబు రాశారు, అమ్మా నువ్వు ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషము, వాలీబాల్ ఆడుచున్నాము అని.

పని ఇచ్చిన అయిదో వారంలో బైండింగ్ ఆయన నాకు ఫోన్ చేశారు. "అమ్మా, ఒక ఉత్తరం చివర తలకట్లు మాత్రమే ఉన్నాయి, కింద అక్షరాలు లేవు, మీరేమైనా చూశారా?" అన్నారు. ముందు నాకు ఏమీ అర్థం కాలేదు. వెళ్ళి చూస్తే నిజమే, కాగితం అంచున వరసగా తలకట్లు, గుడులు, ఎవరో పెన్ను రాస్తుందో లేదో చూసుకున్నట్టు. ఏం జరిగిందంటే ఇన్లాండ్ లెటరు విప్పేటప్పుడు మనందరం చేసినట్టే నాన్న వేలు పెట్టి చించారు. అంచు తుంపు సన్నగా చిరిగి అవతలి వైపు గమ్‌కి అంటుకుని ఉండిపోయింది, రాసిన వైపు లోపలికి. తలకట్లు ఈ ముక్క మీద, అక్షరం ఒళ్ళంతా ఆ తుంపు మీద.

తీస్తారా అన్నాను. సిరా కదా, తడి ఎక్కువైతే మొత్తం పోతుంది, మీరు సరే అంటేనే అన్నారు. అమ్మకి చెప్పకుండా సరే అన్నాను. నేను అక్కడే కూర్చుని చూశాను, రెండున్నర గంటలు. ముందు ఒక చుక్క సిరా మీద సూది మొనతో తడి తాకించి ఎంత పాకుతుందో చూశారు. తర్వాత బ్లాటింగ్ పేపరు తడిపి, పిండి, మధ్యలో ఇంకో పొర పెట్టి, నీళ్ళు తగలకుండా చెమ్మ మాత్రం తగిలేలా ఆ తుంపు మీద పెట్టారు. అయిదు నిమిషాలకోసారి ఎత్తి చూడటం, మళ్ళీ పెట్టడం. ఫ్యాన్ ఆపేశారు. విజయవాడ ఎండలో ఆ గదిలో ఇద్దరం చెమటలు కారుతూ, ఆయన చెమట కాగితం మీద పడకుండా తలకి తువ్వాలు కట్టుకున్నారు. చివరికి సన్నటి ఎముక పుల్లలాంటిది ఒకటి, బైండింగ్‌లో మడతలు నొక్కడానికి వాడతారు, దాని అంచుతో కొద్దికొద్దిగా లేపారు. తుంపు పూర్తిగా వచ్చింది. మూడు నాలుగు అక్షరాలు అలుక్కుపోయాయి, మిగతాది తలకట్లతో కలిపి పెడితే చదవగలిగాం. "అత్తయ్యగారికి జ్వరం తగ్గలేదు. చెప్పవద్దన్నారు. మీరు తెలియనట్లు రాయండి."

ఫోటో తీసి అమ్మకి ఇంటికెళ్ళాక చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ పెద్దది చేసి చూసింది. ఇది ఇలా అంటుకుని ఉందమ్మా, నాన్న చూసి ఉండరు అని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చదవలేదా అయితే" అంది. మళ్ళీ కాసేపాగి "మరి తెలియనట్లు రాయండి అని నేనే రాశానుగా, అలాగే రాశారనుకోవచ్చుగా నేను, ఎందుకనుకోలేదు" అంది. నాయనమ్మ ఆ జ్వరం నుంచి లేచింది, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నాన్న ఆ మాట దాదాపు యాభై ఏళ్ళు పడ్డారు.

మర్నాడు పొద్దున్నే అమ్మే ఫోన్ చేయమంది ఆయనకి, "ఆ తుంపు మళ్ళీ మూసెయ్యొద్దని చెప్పు" అని. ఆయన అప్పటికే ఆలోచించి పెట్టారట. తుంపుని దాని చోట్లో తలకట్లకి కలిపి వెనక టిష్యూ అతికించారు, ఇప్పుడు లైను మొత్తం కనిపిస్తుంది, నాన్న చించిన గీత కూడా సన్నగా కనిపిస్తుంది. అది మాయం చెయ్యనా అని అడిగారు, వద్దన్నాం.

ఇంక మామూలు వివరాలు. ఒక్కో ఉత్తరం ఒక్కో పాలియెస్టర్ కవరులో పెట్టారు, మామూలు ప్లాస్టిక్ ఫోల్డరు కవర్లు కాదు, అవి కొన్నాళ్ళకి అంటుకుంటాయి, సిరా లాగేస్తాయి. పెట్టె యాసిడ్ లేని అట్టతో చేశారు, బయట నేత గుడ్డ. పుస్తకంలాగా కుట్టమని నేను మొదట అడిగాను, కుడితే ఉత్తరం ఉత్తరంలా ఉండదమ్మా, చేతిలోకి తీసుకునేలా ఉండాలి అని ఒప్పుకోలేదు, ఇప్పుడు ఆయనే కరెక్ట్ అనిపిస్తోంది. స్కానింగ్ రెండు వైపులా 600 డీపీఐ, ఖాళీగా ఉన్న వైపు కూడా చేశారు, ముద్రలు ఉంటాయని. మనియార్డరు కూపన్లు కూడా. వాటి గురించి చెప్పలేదు కదా, అప్పట్లో ఫారం కింద చిన్న ముక్క ఉండేది, రెండు లైన్లు రాసుకోనిచ్చేవారు, నాన్న ఒక దాని మీద "60 రూపాయలు, ఇందులో 5 గాజులకు" అని రాశారు. ఎవరి గాజులకో రాయలేదు.

ఖర్చు, స్కానింగ్ కాగితానికి 15, మరమ్మతు దాని పరిస్థితి బట్టి 50 నుంచి 200, పెట్టె 1600, అన్నీ కలిపి 11 వేలు దాటింది. తుంపు విడదీసినందుకు వేరేగా ఏమీ తీసుకోలేదు, నేను ఇవ్వబోతే తీసుకోలేదు కూడా. చాలామందికి ఎక్కువ అనిపించొచ్చు, నాకూ మొదట అనిపించింది, మా తమ్ముడితో సగం సగం పెట్టుకున్నాం.

నచ్చనివి కూడా చెప్పాలి. మూడు వారాలు అన్నారు, ఏడు వారాలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తకపోతే కంగారు పుట్టింది, మన ఇంట్లో ఉన్నవి ఇవే కదా ఇంకో కాపీ లేదు. కాబట్టి ఇచ్చే ముందు మీ ఫోన్‌తోనైనా అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇంకోటి, టైపింగ్ ఆయన చెయ్యరు, వేరే అబ్బాయికి ఇస్తారు, పేజీకి 40. ఆ అబ్బాయి పాపం బాగా చెయ్యాలనే చేశాడు, కానీ అమ్మ రాసిన తప్పులన్నీ దిద్దేశాడు. అమ్మ "బాగుంన్నాము" అని రాస్తే వీడు బాగున్నాము అని, "వుత్తరం" అని రాస్తే ఉత్తరం అని కొట్టాడు. నాన్న ఎక్కడైనా మిలటరీ హిందీ మాటలు తెలుగులో రాస్తే, లంగరు, చుట్టీ, డాక్ లాంటివి, వాటిని మార్చి వంటశాల, సెలవు, టపా అని పెట్టాడు. చదువుతుంటే మా వాళ్ళ గొంతు వినిపించలేదు. మొత్తం మళ్ళీ మేమే కూర్చుని దిద్దుకున్నాం, అమ్మ చదువుతుంటే నేను టైప్ చేశాను, యాభై ఏళ్ళ కిందట నాయనమ్మ చెప్తుంటే ఆవిడ రాసినట్టు. టైపింగ్ అక్కడ చేయించకండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళతో కూర్చుని మీరే చేసుకోండి. లంగరు అంటే మిలటరీ వంటిల్లు అని నాకు అమ్మే చెప్పింది.

మాధవరంలో మా అమ్మ వైపు చుట్టాల ఇంట్లో కార్గిల్ అప్పటివి, 1999వి, ఒక కట్ట ఉన్నాయట, వాళ్ళని కూడా తీసుకెళ్తాను వచ్చే నెల. అప్పటికి ఎస్టీడీ ఫోన్ బూత్‌లు వచ్చినా ఆ కుర్రాడు కొండ మీద నుంచి రాసినవే, ఫోన్ ఎక్కడుంది అక్కడ.

వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసి వెళ్ళండి, మధ్యాహ్నం రెండు దాటాకే ఎత్తుతారు, ఆదివారం ఉండరు. ఉత్తరాలని ఇస్త్రీ చెయ్యకండి, సెల్లోటేపు పెట్టకండి, కలరా ఉండలు పక్కన పెట్టకండి. రబ్బరు బ్యాండు అంటుకుపోయి ఉంటే అలాగే తీసుకెళ్ళండి, లాగకండి. ఇన్లాండ్ లెటర్లయితే అంచుల వెంబడి వెనక వైపు చూడండి, సన్నటి తుంపులు ఏమైనా అంటుకుని ఉంటే మీరు పీకొద్దు, అలాగే తీసుకెళ్ళి ఆయనకి చూపించండి.